బొగ్గుబాయి నీళ్ళ లెక్క

మే నెలలో గోదావరిఖనిలోనో మందమర్రిలోనో ఏ భూగర్భ గని ముందు నిలబడినా ఒక దృశ్యం కంటబడుతుంది. ఎండకు రోడ్డు మీద తారు మెత్తబడి ఉంటుంది, చుట్టుపక్కల ఊళ్ళలో బావులు అడుగంటి ఉంటాయి, గని ప్రహరీ పక్కన లావుపాటి ఇనుప పైపు మాత్రం పగలూ రాత్రీ నీళ్ళు కక్కుతూనే ఉంటుంది. ఆ కాలవలో గేదెలు పడుకుని ఉంటాయి, గట్టున ఎవరో బట్టలు ఉతుకుతుంటారు. పంపులు ఆపితే కింద పల్లంలోని తవ్వకాలు (డిప్పు పనులు) మునుగుతాయి కాబట్టి పండగకైనా సమ్మెకైనా వాటికి సెలవు లేదు.

ఆ నీళ్ళు ఎక్కడివని అడిగితే మనిషికో మాట చెబుతారు. పక్క ఊరి రైతు “మా బావుల నీళ్ళే, ఇంకెక్కడివి” అంటాడు. పంపు నడిపేవాడు గోదావరి వైపు చెయ్యి చూపిస్తాడు. జియాలజిస్టు ఇసుకరాయి పేరు చెబుతాడు. ఏళ్ళ తరబడి బాయి దిగిన సర్దార్ మాత్రం పై సీములో (బొగ్గు పొరలో) ఎప్పుడో మూసేసిన పాత పనుల, అంటే తవ్వి వదిలేసిన గ్యాలరీల, సంగతి ఎత్తుతాడు. నలుగురి మాటలోనూ నిజముంది. ఎవరి మాటలో ఎంత నిజముందో అంకెల్లో తేల్చడమే గని చుట్టూ చేసే భూగర్భ జల పరిశీలన. అందులో ఒక పెద్ద చిక్కుంది. మనం కొలిచేది తవ్వకముందు ఉన్న నేలను. నీళ్ళు వచ్చేది తవ్విన తర్వాతి నేలలోంచి. తవ్వకం ఆ నేలను మార్చేస్తుంది.

నీళ్ళు దాచుకునే రాయి

తెలంగాణలో ఎక్కువ భాగం గ్రానైట్ నేల. అక్కడ బోరు వేయడం జూదం. నీరుండేది రాతి పగుళ్ళలో. డ్రిల్లు పగులుకు తగిలితే నీళ్ళు, తగలకపోతే దుమ్ము. గోదావరి లోయలో ఈ లెక్క మారిపోతుంది. భూమి పొడవునా పగిలి కుంగిన ఆ లోయలో, పెర్మియన్ యుగంలో, అంటే పాతిక ముప్ఫై కోట్ల ఏళ్ళ కింద, నదులు ఇసుకా బంకమట్టీ తెచ్చి పోశాయి. మధ్యమధ్య చిత్తడి అడవులు పెరిగి, కూలి, పేరుకున్నాయి. ఆ అడవులు బొగ్గు సీములయ్యాయి, ఆ ఇసుక ఇసుకరాయి అయింది. ఈ శిలలకు గోండ్వానా శిలలని పేరు. తవ్వే సీములు చాలావరకు బరాకర్ అనే పొరల వరుసలో ఉంటాయి. వాటికి ఎంతో ఎగువన కామ్థీ ఇసుకరాళ్ళు పరుచుకుని ఉంటాయి.

ఇసుకరాయిలో రేణువుకూ రేణువుకూ మధ్య ఖాళీ ఉంటుంది. ఘనపు మీటరు రాతిలో నూట యాభై, రెండు వందల లీటర్ల నీరు పట్టవచ్చు. ఇసుకరాళ్ళ మధ్య షేలు, బంకమట్టి రాయి అడ్డంగా పరుచుకుని ఉంటాయి. వాటిని దాటడం నీటికి చాలా కష్టం. పొరలన్నీ ఒక పక్కకు వాలి ఉండటంతో ప్రతి ఇసుకరాయి పొరా ఎక్కడో ఒకచోట నేల మీదికి తేలుతుంది. వాన అక్కడ ఇంకి వాలు వెంట లోపలికి దిగుతుంది. లోపలికి పోయేకొద్దీ పైనా కిందా షేలు మూతలు పడి నీటి మీద ఒత్తిడి పెరుగుతుంది. అలాంటి పొరలోకి బోరు దింపితే నీరు పొర తగిలిన లోతులో ఆగకుండా పైకి ఎగబాకుతుంది, కొన్నిచోట్ల నేల దాటి పొంగుతుంది కూడా. మణుగూరు దగ్గర పగిడేరులో బొగ్గు అన్వేషణ కోసం వేసిన బోరులోంచి వేడినీళ్ళు మోటారు లేకుండానే ఎగదన్నాయి. ఆ వేడితో కరెంటు తీయవచ్చునేమో చూడటానికి సింగరేణి బొగ్గు సంస్థ అక్కడ 20 కిలోవాట్ల ప్రయోగాత్మక కేంద్రం కూడా పెట్టింది.

పై పొరలో నీరు వేరు, మూతల మధ్య ఇరుక్కున్న నీరు వేరు. ఈ తేడా తెలియకపోతే గని గురించి జరిగే ఏ తగువూ అర్థం కాదు. మూత లేని పై పొరలో చదరపు కిలోమీటరు మేర నీటిమట్టం 10 మీటర్లు పడిపోవాలంటే, రాతి ఖాళీల్లోంచి నిజంగా నీరు కారిపోవాలి: పదో వంతు ఖాళీ అయిందనుకున్నా 10 లక్షల ఘనపు మీటర్లు. మూతల మధ్య ఉన్న పొరలో అంతే విస్తీర్ణంలో అదే 10 మీటర్ల ఒత్తిడి పడిపోవడానికి వెయ్యి ఘనపు మీటర్లు తోడితే చాలు. సైకిలు ట్యూబులోంచి కాస్త గాలి వదిలితే ట్యూబు ఖాళీ కాదు, బిగువు మాత్రం పోతుంది. ఇక్కడ జరిగేదీ అదే. అందుకే గని పంపులు మొదలైన కొన్నాళ్ళకే ఎక్కడో దూరాన ఉన్న లోతు బోరులో మట్టం పడిపోవచ్చు, గని గేటు పక్కనున్న చేదబావి మాత్రం ఏమీ ఎరగనట్టు ఉండిపోవచ్చు.

ఎంత వస్తుంది?

ఫ్రాన్సులో దిజోన్ పట్టణానికి మంచినీళ్ళు తెచ్చిన ఇంజనీరు హెన్రీ డార్సీ, నిలువు గొట్టాల్లో ఇసుక నింపి నీళ్ళు పోసి కొలిచి, 1856లో అచ్చయిన తన పుస్తకానికి అనుబంధంగా ఒక సూత్రం చేర్చాడు. నీరు ఎంత పారుతుందన్నది మూడింటి మీద ఆధారపడుతుంది: రాయి నీటిని ఎంత సులువుగా పోనిస్తుంది (దీన్నే పారగమ్యత అంటారు), నీటిమట్టం ఎంత వాలుగా ఉంది, ఎంత అడ్డుకోత గుండా పారుతోంది. ఈ మూడింటినీ గుణిస్తే జవాబు వస్తుంది.

ఒక ఊహా గని తీసుకుందాం. కిలోమీటరు పొడవున్న గని అంచు, దాని వెంట 20 మీటర్ల మందం ఇసుకరాయి, నీటిమట్టం గనివైపు ఇరవై మీటర్లకు ఒక మీటరు చొప్పున వాలి ఉంది, రాయి పారగమ్యత రోజుకు అర మీటరు. గుణిస్తే రోజుకు 500 ఘనపు మీటర్లు, అంటే అయిదు లక్షల లీటర్లు. వినడానికి పెద్ద అంకె. గనిలో అది సెకనుకు ఆరు లీటర్ల లోపే, ఒక మాదిరి పంపు తేలిగ్గా తోడేస్తుంది.

ఆ నీటి వెనక ఎంత నేల ఉందో కూడా చూడాలి. ఆ ప్రాంతంలో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లు వాన కురుస్తుందనుకుందాం. మన భూగర్భ జల అంచనా కమిటీ 1997లో పెట్టిన లెక్క ప్రకారం ఇలాంటి ఇసుకరాతి నేలలో కురిసిన వానలో నూటికి 12 పాళ్ళు లోపలికి ఇంకుతాయి. చదరపు కిలోమీటరుకు ఏడాదికి లక్షా ఇరవై వేల ఘనపు మీటర్లు. మన ఊహా గని ఏడాదంతా తోడేది సుమారు ఒకటిన్నర చదరపు కిలోమీటర్ల మీద ఇంకే వానకు సమానం. ఆ మేరకు వాన ఇక బావులకూ వాగులకూ అందదు. రైతు మాటలో నిజం పాలు ఇదీ.

ఈ లెక్కలో మందం బోర్లలో కొలుస్తారు, వాలు మట్టాల్లో చూస్తారు. దొరకనిది పారగమ్యత ఒక్కటే. ఒకే ఇసుకరాయి పొరలో, వంద గజాల దూరంలో, అది పది రెట్లు మారిపోవచ్చు. అర మీటరు కాస్తా అయిదు మీటర్లయితే మాదిరి పంపుకు బదులు పెద్ద పంపింగ్ స్టేషనే కావాలి. అందుకే పరిశీలన ఖర్చులో సింహభాగం ఈ ఒక్క అంకె కోసమే పోతుంది.

డ్రిల్లు తీసిన కోర్ ముక్కను ప్రయోగశాలలో పరీక్షించడం అన్నిటికంటే చౌక, అన్నిటికంటే బలహీనం. చేతిలో ఇమిడే ముక్కలో పగులుండదు. పగులుంటే అది ముక్కగా బయటికి వచ్చేదే కాదు. బోరులో ఉబ్బే రబ్బరు ప్యాకర్లు రెండు దింపి, వాటి మధ్య కొన్ని మీటర్ల మేర రాయిని విడదీసి, అక్కడికి ఒత్తిడితో నీరెక్కించి ఎంత పీల్చుకుందో చూడటం ఇంకొంచెం మెరుగు. చదరపు సెంటీమీటరుకు పది కిలోల ఒత్తిడి దగ్గర మీటరు రాయి నిమిషానికి లీటరు తాగితే ఒక లూజియాన్; స్విస్ భూగర్భ శాస్త్రవేత్త మోరిస్ లూజియాన్ పేరు మీద వచ్చిన కొలత అది. ఆనకట్టల వాళ్ళు తమ అవసరానికి తెచ్చుకున్నది, గనుల వాళ్ళు అరువు తీసుకున్నారు.

అసలైన పరీక్ష పంపింగ్ పరీక్షే. ఒక బోరును గంటల తరబడి, వీలైతే రోజుల తరబడి ఒకే వేగంతో తోడుతూ, చుట్టూ ఉన్న బోర్లలో మట్టం ఎప్పుడెంత పడిందో రాసుకుంటారు. ఆ అంకెల్లోంచి పొర లక్షణాలు రాబట్టే సూత్రం 1935లో అమెరికా భూగర్భ సర్వేలో పనిచేసిన సి.వి. థీస్ ఇచ్చాడు. లోహపు పలకలోంచి ఒక సన్నని తీగ వేడి లాగేస్తుంటే పలక చల్లబడే తీరూ, బోరు నీళ్ళు లాగేస్తుంటే మట్టం పడిపోయే తీరూ ఒకటేనని అతనికి తట్టింది. లెక్క మాత్రం కొరుకుడు పడలేదు. గణిత ఆచార్యుడైన మిత్రుడు క్లారెన్స్ లూబిన్ సాయం చేశాడు, వ్యాసం మీద తన పేరు మాత్రం వద్దన్నాడు. ప్రపంచమంతా ఇవాళ వాడే సూత్రానికి థీస్ పేరే మిగిలింది.

ఈ పరీక్షలో నాకు ముచ్చటగొలిపేది అంకె కంటే గీత ఆకారం. కాలాన్ని లాగరిథమ్‌లో వేసి గీసినప్పుడు కొంతసేపటికి పతనం తిన్నని గీతగా సాగుతుంది. ఉన్నట్టుండి ఆ గీత వాలు రెట్టింపైందంటే, నీటి ఒత్తిడిలో తగ్గుదల పాకుతూ పోయి నీటిని దాటనివ్వని గోడ ఒకదాన్ని తాకిందన్నమాట. గోదావరి లోయలో అది సాధారణంగా ఒక భ్రంశం, గని భాషలో ఫాల్ట్. గీత చదునైపోతే ఎక్కడో నది తగిలింది, లేదా పై పొర నుంచి నీరు కారడం మొదలైంది. కంటికి కనిపించని నేలలో అర కిలోమీటరు అవతల ఏముందో ఒక బోరు, ఒక గడియారం చెబుతాయి. పంపు ఆపాక మట్టం కోలుకునే తీరును ఇంకా ఎక్కువ నమ్మాలి. పంపు నడుస్తున్నంతసేపూ కరెంటు వోల్టేజీ ఊగుతుంది, వేగం మారుతుంది. ఆగిన పంపు అబద్ధమాడదు.

భ్రంశం ఎప్పుడూ గోడే అనుకోకూడదు. రెండు వైపుల రాయి నలిగి బంకమట్టిగా మెత్తబడిన చోట అది అడ్డుగోడ. పగిలి గుల్లయిన చోట అదే నిలువు కాలవ, పైనున్న కామ్థీ నీటిని నేరుగా సీములోకి దింపగలదు. ఒకే భ్రంశం ఒకచోట అలా, మరోచోట ఇలా ఉంటుంది. పటం మీద గీత చూసి ఏదో తేల్చేయడానికి వీల్లేదు, దానికి రెండు వైపులా పీజోమీటర్లు దించి చూడాల్సిందే.

పీజోమీటర్ అంటే ఒకే ఒక పొర మాట వినే బోరు. కావలసిన లోతులో జల్లెడ గొట్టం పెట్టి, దాని పైన బెంటొనైట్ మట్టితో గట్టిగా మూసి, మిగతా పొరల నీరు కలవకుండా చేస్తారు. ఒకే చోట మూడు లోతుల్లో మూడు ఉంటే నీరు పైకి పోవాలని చూస్తోందా, కిందికి దిగుతోందా అన్నది తెలిసిపోతుంది. మూసే పని సరిగా చేయకపోతే ఆ బోరు కొలిచే సాధనంగా కాక, పొరలను కలిపేసే గొట్టంగా మారుతుంది. బొగ్గు కోసం లోయంతటా వేసిన అన్వేషణ బోర్లకూ ఇదే వర్తిస్తుంది. పని అయ్యాక సిమెంటుతో నింపని ప్రతి బోరూ పై నీళ్ళకు కిందికి దారి.

బాయి దిగాక

పైన ఎన్ని కొలిచినా, వచ్చే నీటిని కొలవాల్సింది కిందే. చాలా గనుల్లో ఈ లెక్క పంపు మీది పలకను చూసి చెబుతారు: ఇన్ని లీటర్ల పంపు, ఇన్ని గంటలు నడిచింది. పలక మీది అంకె కొత్త పంపుది. ఇంపెల్లర్ అరిగి, పైపులో బురద పేరుకున్నాక ఆ పంపు అంత తోడదు. దానికంటే నీరు పారే కాలవలో 90 డిగ్రీల వి-ఆకారపు గండి కోసిన పలక ఒకటి నిలిపి, గండి మీద నీటి ఎత్తు చూడటం నయం. పది సెంటీమీటర్ల ఎత్తుకు సెకనుకు నాలుగు లీటర్ల పైచిలుకు. ఇరవై సెంటీమీటర్లకు పాతిక లీటర్ల దాకా. ఎత్తు రెట్టింపైతే నీరు అయిదారు రెట్లవుతుంది. స్కేలు చదవడం వస్తే చాలు.

కొలిచినదంతా భూగర్భ జలం కాదు. సింగరేణి గనుల్లో బొగ్గు తీసిన ఖాళీల్లోకి ఇసుకను నీళ్ళతో కలిపి పైనుంచి పంపి నింపేవారు. ఇసుక అక్కడ నిలిచిపోతుంది, నీళ్ళు సంపుకు వచ్చి మళ్ళీ పైకి పోతాయి. డ్రిల్లింగుకూ దుమ్ము అణచడానికీ వాడే నీళ్ళు వేరే. ఇవన్నీ లెక్కలోంచి తీసేయాలి. మరోపక్క, లెక్కకు రాకుండా బయటికి పోయే నీరూ ఉంది. వేసవిలో పొడి గాలి గనిలోకి దిగి చెమ్మతో నిండి ఫ్యాను గుండా బయటపడుతుంది. సెకనుకు వంద ఘనపు మీటర్ల గాలి, ఘనపు మీటరుకు పది గ్రాముల చొప్పున చెమ్మ మోసుకుపోతే, రోజుకు 86 వేల లీటర్లు ఏ పైపులోనూ కనబడకుండా పోతాయి. నీళ్ళు తక్కువ వచ్చే గనిలో ఇది చిన్న అంకె కాదు.

ఎంత అన్నది తేలాక, ఎక్కడిది అన్నది. ఇక్కడ రసాయనం పనికొస్తుంది. నిన్న మొన్న ఇంకిన నీటిలో కాల్షియం, బైకార్బొనేట్ ఎక్కువ. బంకమట్టి పొరలను ఒరుసుకుంటూ దూరం ప్రయాణించిన నీరు కాల్షియం వదిలి సోడియం పుచ్చుకుంటుంది. పాత పనుల్లో నిలిచిన నీటి కథ వేరు: అక్కడ గాలి తగిలి బొగ్గులోని పైరైట్ తుప్పుపట్టి ఉంటుంది కాబట్టి సల్ఫేటు ఎక్కువ, ఇనుము ఎర్రగా చార కడుతుంది. గోండ్వానా బొగ్గులో గంధకం తక్కువ కావడంతో మేఘాలయ గనుల వాగుల్లో లాగా నీళ్ళు ఆమ్లంగా మారడం ఇక్కడ అంతగా కనిపించదు. అయినా సల్ఫేటు గుర్తు పట్టేంత ఉంటుంది. పైకప్పు నుంచి కారే నీటిలో సల్ఫేటు వారం వారం పెరుగుతోందంటే మైనింగ్ మేనేజరుకు ఆ రాత్రి నిద్ర పట్టకూడదు.

వయసు కూడా చెప్పవచ్చు. మన ఊహా గని రాతిలో నీరు నడిచే వేగం లెక్కగడితే ఏడాదికి 45 మీటర్లు. కిలోమీటరు దూరం రావడానికి ఇరవై రెండేళ్ళు. రాయి పది రెట్లు బిగువైతే రెండు వందల ఏళ్ళు దాటుతుంది. 1950లు, 60లలో వాతావరణంలో పేల్చిన హైడ్రోజన్ బాంబుల వల్ల వానలో ట్రిటియం విపరీతంగా పెరిగింది; దాని అర్ధాయువు 12.3 ఏళ్ళు. నీటిలో ట్రిటియం ఉందంటే అది ఈ డెబ్బై ఏళ్ళలో వానగా కురిసినది, లేదంటే అంతకు ముందుది. గోదావరి నీరే కారుతోందని పంపు డ్రైవరు పట్టుబడితే, వాదన అవసరం లేదు. నది నీటినీ సంపు నీటినీ రెండు సీసాల్లో పట్టి పంపితే సరి.

కూలిన కప్పు కింద

ఇంతవరకూ చెప్పిన పరీక్షలన్నీ రాయి నిలకడగా ఉంటుందనే నమ్మకం మీద నడిచాయి. గని ఆ నమ్మకాన్ని కూలదోస్తుంది. లాంగ్‌వాల్ పద్ధతిలో సీమును బారుగా కోసుకుంటూ పోయి, వెనక పైకప్పును కావాలనే కూలనిస్తారు. తీసిన మందానికి రెండు నుంచి ఎనిమిది రెట్ల ఎత్తుదాకా రాయి ముక్కలై బొగ్గు తీసిన ఖాళీలో, అంటే గోఫ్‌లో పడుతుంది. దాని పైన, ముప్ఫై నుంచి యాభై రెట్ల ఎత్తుదాకా, పొరలు కూలకపోయినా పగులుతాయి. మూడు మీటర్ల సీము తీస్తే వంద మీటర్ల పైన కూడా పగుళ్ళు. నీటిని పట్టి ఉంచిన షేలు మూత ఆ ఎత్తులో ఉందంటే, దాన్ని తవ్వకముందు ఎంత శ్రద్ధగా కొలిచారన్నది ఇక అక్కరకు రాదు. ఇసుకరాయి పారగమ్యత కూడా పదుల రెట్లు పెరగవచ్చు.

2014లో ఉత్పత్తి మొదలైన అడ్రియాల లాంటి లోతైన లాంగ్‌వాల్ గనిలో అందుకే పీజోమీటర్లు తవ్వబోయే బొగ్గు ప్యానెల్ పైన ముందే దించి, కప్పు కూలుతున్నప్పుడు వాటిని చదవడం ముఖ్యం. ఏ లోతు పీజోమీటర్ ఎప్పుడు ఉన్నట్టుండి పడిపోయిందో చూస్తే పగుళ్ళు ఎంతవరకు ఎగబాకాయో తెలుస్తుంది. అసలైన పారగమ్యత అప్పుడు బయటపడుతుంది. నీటి రాకను అంచనా వేసే కంప్యూటర్ నమూనాను గని మొదలుపెట్టే ముందు ఒకసారి తయారుచేసి బీరువాలో పెట్టే అలవాటు మన దగ్గర ఎక్కువ. మొదటి ప్యానెల్ కూలాక సరిదిద్దని నమూనాకు విలువ లేదని నా అభిప్రాయం.

కప్పు కూలకపోయినా, బోర్డ్ అండ్ పిల్లర్ పద్ధతిలో స్తంభాలు వదిలి తవ్విన చోట్ల కూడా గని తనదైన జలాశయాన్ని తయారుచేసుకుంటుంది. రెండు వందల మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న ప్యానెల్, మూడు మీటర్ల ఎత్తు, పదింట మూడు వంతులు తీశారనుకుందాం. అది నిండితే 36 వేల ఘనపు మీటర్లు, మూడు కోట్ల అరవై లక్షల లీటర్లు. మన ఇసుకరాయి ఇంత నీరు ఇవ్వడానికి డెబ్బై రోజులకు పైగా పడుతుంది. పాత ప్యానెల్ గోడ బద్దలైతే ఇదే నీరు గంటలో వస్తుంది. ఇసుకరాయి నీటికి పంపులు చాలు; పాత పనుల నీటికి పంపులు చాలవు, మనుషులకు పరిగెత్తే సమయం కూడా ఉండదు. రెండు వందల మీటర్ల నీటి నిలువు చదరపు మీటరుకు 200 టన్నులతో నెడుతుంది. 4.2 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు గ్యాలరీని మూసిన ఆనకట్ట మీద రెండున్నర వేల టన్నులు.

1975 డిసెంబర్ 27న ధన్‌బాద్ దగ్గరి చాస్నాలా గనిలో పైనున్న పాత పనుల నీళ్ళు విరుచుకుపడి 375 మంది చనిపోయారు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీళ్ళు దూసుకొచ్చి 17 మంది కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. మన బొగ్గు గనుల జల ప్రమాదాల్లో చాలావాటికి మూలం మనిషి తవ్వి వదిలేసిన గ్యాలరీల్లో చేరిన నీరే.

1957 నాటి బొగ్గు గనుల నిబంధనలు దీన్ని గట్టిగానే పట్టించుకున్నాయి. నీళ్ళు నిలిచిన పాత పనులకు 60 మీటర్ల లోపు వెళ్ళాలంటే ముందు అనుమతి కావాలన్నాయి. వెళ్ళే గ్యాలరీ వెడల్పు, ఎత్తు 2.4 మీటర్లు దాటకూడదన్నాయి. తవ్వే ముఖం మధ్యలోనూ పక్కలకూ బోర్లు వేస్తూ, అవి ఎప్పుడూ కనీసం 3 మీటర్లు ముందుండేలా చూసుకోవాలన్నాయి. 2017లో వాటి స్థానంలో కొత్త నిబంధనలు వచ్చినా ఆలోచన అదే. ఈ అరవై మీటర్లు కొలిచేది మాత్రం నక్షా మీద. ఇల్లందు దగ్గర 1889లో తవ్వకం మొదలైన ఈ బొగ్గు ప్రాంతంలో పాత పనులకు కొదవ లేదు. గొలుసుతో, దిక్సూచితో వేసిన పాత సర్వే కొన్ని మీటర్లు పక్కకు పోయి ఉండవచ్చు. గని మూసే ముందు చివరి వారాల్లో హడావిడిగా తీసిన బొగ్గు నక్షాకు ఎక్కకపోవచ్చు. కాబట్టి గని చుట్టూ నీటి పరిశీలనకు వచ్చినవాడు పంపింగ్ పరీక్షకు ముందు సర్వే ఆఫీసుకు వెళ్ళి, పాత నక్షాలు దుమ్ము దులిపి, ఆ రోజుల్లో పనిచేసి రిటైరైన ఓవర్‌మన్‌లతో ఒక పూట కూర్చోవాలి. బాయిలో ఏ జంక్షన్ దగ్గర గోడ చెమ్మగా ఉండేదో, ఎక్కడ కుళ్ళిన గుడ్ల వాసన కొట్టేదో వాళ్ళకు గుర్తుంటుంది.

నది, ఊరు

నది వైపు సరిహద్దు నిలకడగా ఉంటుందని అనుకోవడం నమూనాల వాళ్ళకు సుఖం. గోదావరిఖని దగ్గర అదిప్పుడు చెల్లదు. 2019లో కాళేశ్వరం పథకం బరాజ్‌లు నిండినప్పుడు సుందిళ్ళ బరాజ్ వెనక నీరు గోలివాడ పంప్‌హౌస్ దాకా నిలిచింది. అంతకుముందు వేసవిలో ఇసుక తేలి పాయలుగా సాగే నది ఏడాది పొడవునా నిండు చెరువైంది. 2023 అక్టోబరులో మేడిగడ్డ బరాజ్ పిల్లర్లు కుంగాక బరాజ్‌లు ఖాళీ చేశారు. నది ఒడ్డున నేల మీదికి తేలిన ఇసుకరాళ్ళ మీద ఒత్తిడి ఇలా పెరిగి, తగ్గింది. ఇంత పెద్ద పంపింగ్ పరీక్షను ఏ శాస్త్రవేత్తా తన ఖర్చుతో చేయలేడు. ఆ ఏళ్ళ పీజోమీటర్ రికార్డులు పక్కన పెట్టుకుని చదివితే, గనులకూ నదికీ ఉన్న సంబంధం మీద ఏ నివేదికా చెప్పనంత సంగతి తెలుస్తుంది.

ఇక ఊరి బావులు. పర్యావరణ అనుమతుల కోసం గని చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో ఏడాదికి నాలుగుసార్లు మట్టాలు కొలుస్తారు: వేసవి, వానాకాలం, వానల తర్వాత, చలికాలం. కొలిచేవి ఎక్కువగా చేదబావులు. అవి తీసుకునేది శిథిలమైన పైమట్టి నీరు. గని లాగేది కింద మూతల మధ్య పొరను. చేదబావుల్లో మట్టం మారలేదని చూపించి గని ప్రభావం లేదని నివేదిక రాయడం ఎంత తప్పో, బోరు ఎండగానే గనిదే పాపమనడం కూడా అంతే తప్పు. బోరు ఏ లోతులో ఏ పొర నుంచి తాగుతోందో, ఆ ఏడు వాన ఎంతో, పక్క పొలంలో కొత్తగా ఎన్ని బోర్లు పడ్డాయో తెలియకుండా తీర్పు చెప్పలేం. గని ప్రభావానికి అందనంత దూరంలో, అదే రకం నేలలో, అదే వాన పడేచోట పోల్చి చూడటానికి కొన్ని బోర్లు ఉండాలి. గనివైపు మట్టం తగ్గి అక్కడ తగ్గకపోతే రైతు గెలిచినట్టు. రెండు చోట్లా ఒకేలా తగ్గితే వానదే లోటు. ఈ పోల్చే బోర్లకు అయ్యే ఖర్చు గని ఖర్చులో లెక్కలోకి రానంత చిన్నది. పెట్టాలన్న పట్టుదలే తక్కువ.

తోడిన నీటిని వృథా చేయకుండా సింగరేణి కాలనీలకూ చుట్టుపక్కల ఊళ్ళ చెరువులకూ పంపుతుంది. కింది పొర నుంచి పోయిన నీరు పై పొరకు ఇలా కొంత తిరిగొస్తుంది. పైపు కింద చెరువు ఉన్న ఊరికి అది లాభం. పైపు చేరని ఊరికి ఆ లెక్కతో పనిలేదు.

గని మూతబడ్డాక పంపులు ఆగుతాయి, నీరు మళ్ళీ ఎక్కుతుంది. పాత మట్టానికి చేరడానికి ఏళ్ళు పట్టవచ్చు. చేరినా పాత దారుల్లో పారదు, పగిలిన కప్పు గుండా, గ్యాలరీల గుండా పారుతుంది. మూసిన గనిలో మట్టం పెరిగేకొద్దీ పక్కన ఇంకా నడుస్తున్న గనికీ దానికీ మధ్య వదిలిన బొగ్గు గోడ మీద బరువు పెరుగుతుంది. సింగరేణిలో పాత భూగర్భ గనులు కొన్ని ఓపెన్‌కాస్టులుగా మారాయి. అలా మారేచోట, నీళ్ళు నిండిన గ్యాలరీల మీదుగా బ్లాస్టింగు చేసుకుంటూ కిందికి దిగే ముందు, పాత గనిలోని నీటిని బోర్లతో పైనుంచే తోడి, మట్టం సీము కిందికి దిగిందని పీజోమీటర్లో చూసుకున్నాకే యంత్రాలను కదిలించాలి.